ఆగని నెమరు

నెమరు అన్న మాట పశువుల కొట్టంలోనూ వినిపిస్తుంది, జ్ఞాపకాల ప్రస్తావనలోనూ వినిపిస్తుంది. ఆవు పగలంతా మేసిన గడ్డిని సాయంత్రం తీరిగ్గా నోటికి తెచ్చుకుని మళ్లీ నమిలితే అది ఒంటికి పడుతుంది. మనిషి పాత సంగతులను నెమరువేసుకుంటే మనసు తేలికపడుతుంది. మనస్తత్వ శాస్త్రంలో రూమినేషన్ అని పిలిచే స్థితికి లాటిన్ మూలార్థం కూడా నెమరే అయినప్పటికీ, ఆ మాట అక్కడ సూచించే అనుభవం వేరు: ఒకే ఆలోచన ఏ నిర్ణయానికీ చేరకుండా, ఏ పనికీ పురికొల్పకుండా, గంటల తరబడి అదే రూపంలో తిరిగి తిరిగి రావడం. ఎంత నమిలినా అరగని మేత అది. (తిన్నదానిని కడుపులోంచి నోటికి తెచ్చుకునే వేరొక రుగ్మతకు కూడా ఇంగ్లీషులో ఇదే పేరు ఉన్నది గాని, ఇక్కడి చర్చకు దానితో సంబంధం లేదు.)

ఈ ఆగని నెమరుకూ, ఆహారం మీద అదేపనిగా నిలిచిపోయే ధ్యాసకూ, ఆహార రుగ్మతలకూ మధ్య ఉన్న సంబంధమే ఈ సంవాదానికి విషయం. ఆహార రుగ్మతలలో ప్రధానంగా చెప్పుకునేవి మూడు: బరువు పెరుగుతామన్న భయంతోనో మరొక కారణంతోనో తిండిని ప్రాణాపాయమయ్యేంతగా తగ్గించుకునే అనొరెక్సియా నెర్వోసా; అదుపు తప్పి ఒక్కసారిగా విపరీతంగా తిని, ఆ తిన్నదానిని వాంతితోనో విరేచనపు మందులతోనో కఠిన ఉపవాసంతోనో లేకుండా చేయాలని చూసే బులీమియా నెర్వోసా; అదుపు తప్పిన తిండి ఉండి ఆ తరువాతి ప్రయత్నాలు లేని బింజ్ ఈటింగ్ రుగ్మత. మానసిక రుగ్మతలలో అత్యధికంగా ప్రాణాలు తీసే వాటిలో అనొరెక్సియా ఒకటి కాబట్టి, ధ్యాస ముందా ఆకలి ముందా అన్న ప్రశ్న పండిత గోష్ఠికి పరిమితమైనది కాదు. రోగికి మొదట కంచం పెట్టాలా, మాట్లాడించాలా అన్న నిర్ణయం దానిపైనే ఆధారపడుతుంది.

వాదులు ఇద్దరు. ఒకరు ఆసుపత్రి వార్డులో ఇటువంటి రోగుల బరువునూ నాడినీ రోజూ చూసే వైద్యురాలు. ఆమె పక్షాన్ని పాత పద్ధతిలో క్షుధావాదం అనవచ్చు. రెండవవారు విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రం బోధించే అధ్యాపకుడు, ఆయనది చింతావాదం.

వైద్యురాలు: ఈ జబ్బుకు పెట్టిన పేరే మనలను దారి తప్పించింది, మాస్టారూ. 1873లో పారిస్‌లో లాసేగ్, లండన్‌లో విలియం గల్ దాదాపు ఒకే సమయంలో ఈ స్థితిని వర్ణించారు. గల్ స్థిరపరచిన అనొరెక్సియా అన్న పదానికి ఆకలి లేకపోవడం అని అర్థం. కాని ఈ రోగులలో చాలామందికి ఆకలి ఉంటుంది, దాచుకున్న ఆకలి ఉంటుంది. ఇంట్లో అందరికీ వండిపెట్టి తాను మాత్రం ముట్టని అమ్మాయి, రాత్రి పొద్దుపోయేదాకా వంటల వీడియోలు చూసే అమ్మాయి, తమ్ముడి కంచంలో ఏముందో కూర్చున్న చోటినుంచే గమనించే అమ్మాయి, ఆకలి లేని మనుషులు కారు. తిండి మీద ఆ ధ్యాసను మీరు మానసిక లక్షణం అంటారు. అది పస్తున్న దేహం చేసే పని. దీనికి రుజువు 1944 నవంబరు నుంచి 1945 డిసెంబరు వరకు అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జరిగింది. యుద్ధంలో ఆయుధం పట్టడానికి మనస్సాక్షి ఒప్పుకోదని ప్రకటించిన 36 మంది యువకులు, యుద్ధానంతరం యూరప్‌లోని క్షుద్బాధితులకు ఎలా తిండి పెట్టాలో తెలుసుకోవడం కోసం తమ దేహాలను ఇవ్వడానికి స్వచ్ఛందంగా ముందుకు వచ్చారు. ఆన్సెల్ కీస్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త వారికి 24 వారాలపాటు మామూలుగా తినేదానిలో దాదాపు సగమే, ఎక్కువగా బంగాళాదుంపలు, దుంపకూరలు, రొట్టె, మాకరోనీ, పెట్టించాడు. వారంతా ఆరోగ్యవంతులు, మనోబలం పరీక్షించి మరీ ఎంపిక చేసినవారు. బరువులో నాలుగో వంతు తగ్గేసరికి వారికి సినిమాల మీదా స్నేహాల మీదా రాజకీయాల మీదా ఆసక్తి పోయింది. సంభాషణంతా తిండి చుట్టూ తిరిగింది. అంతకు ముందు వంటగది వైపు చూడనివారు పాకశాస్త్ర గ్రంథాలు తెచ్చుకుని నవలల్లా చదివారు. పెట్టిన కాస్త తిండిని నీళ్లు కలిపి, ముక్కలు చేసి, గంటల తరబడి సాగదీసి తిన్నారు, పళ్లేలు నాకారు. వారిలో ఎవరికీ సన్నబడాలన్న కోరిక లేదు, అద్దం ముందు దిగులు లేదు. 1950లో రెండు సంపుటాలుగా వెలువడిన ఆ పరిశోధన చెప్పేది ఒకటే: ఎవరిని పస్తు ఉంచినా ఈ నెమరు పుడుతుంది.

అధ్యాపకుడు: ఆ గ్రంథం విలువను ఎవరూ కాదనలేరు, డాక్టరు గారూ, ఈ రోగుల మొండితనమని నిందపడిన ఎన్నో చేష్టలను ఆకలి లక్షణాలుగా గుర్తించడం వారికి జరిగిన పెద్ద న్యాయం. అయినా ఆ 36 మందికీ మీ వార్డులోని అమ్మాయికీ ఉన్న తేడా మీరు వదిలేసిన చోటే ఉన్నది. వారి ఆలోచన వారిని కంచం వైపు నడిపించింది. ఆంక్షలు ఎత్తివేయగానే వారు తిన్నారు, కొందరు కడుపు నిండినా తృప్తి తీరక విపరీతంగా తిన్నారు. ఈమె ఆలోచన ఈమెను కంచం నుంచి దూరంగా లాగుతుంది. రెండింటిలోనూ తిండే విషయం, కాని ఒకదానిలో అది కోరిక, మరొకదానిలో అది విచారణ: మధ్యాహ్నం ఆ ముద్ద తినకుండా ఉండవలసింది కదా, ఎందుకు తిన్నట్టు, ఇంత బలహీనురాలు ఎందుకైంది, రేపు దీనికి శిక్ష ఏమిటి. అబ్సెసివ్ కంపల్సివ్ రుగ్మతలో చేతులు కడుక్కోమని వేధించే ఆలోచనను రోగి పరాయిదిగా భావించి దానినుంచి విముక్తి కోరుకుంటాడు. అనొరెక్సియాలో ఈ విచారణను రోగి తన సొంత గొంతుగా, తనలోని మంచి భాగంగా కాపాడుకుంటుంది. ఆకలి ఒక్కటే ఇంతటి పరకాయ ప్రవేశం చేయగలదా?

ఈ ప్రశ్న బలమైనది. మిన్నెసోటా పరిశోధన ఆహార ధ్యాసకు కారణం చూపగలిగినంత తేలికగా ఆహార భయానికి కారణం చూపలేదు. క్షుధావాదులు తరచుగా ఈ రెండింటినీ ఒకటిగా కలిపి చెప్పడం వారి వాదంలోని లోపం. అయితే వైద్యురాలు సమాధానం కోసం ప్రయోగశాలలోకే వెళ్లింది.

వైద్యురాలు: ధ్యాసను కొలవడానికి మీ శాస్త్రం వాడే స్ట్రూప్ పరీక్షనే తీసుకోండి. రకరకాల రంగుల్లో అచ్చువేసిన మాటలను చూపి, మాట అర్థాన్ని పక్కనబెట్టి రంగు పేరు మాత్రం చెప్పమంటారు. ఏ మాట మనసును పట్టుకుంటుందో ఆ మాట దగ్గర రంగు చెప్పడం ఆలస్యమవుతుంది. ఆహార రుగ్మతలున్నవారు తిండి పేర్ల దగ్గర తడబడతారని తేలినప్పుడు, జబ్బు మూలం దొరికిందన్నట్టు రాశారు. ఆ తరువాత, ఏ జబ్బూ లేని ఆరోగ్యవంతులను కొన్ని గంటలు పస్తు ఉంచి అదే పరీక్ష చేస్తే వారూ తడబడ్డారు. శివరాత్రి ఉపవాసం ఉన్న ఇంట్లో సాయంత్రం నాలుగింటికి ఎవరి ధ్యాస ఎక్కడుంటుందో తెలుసుకోవడానికి పరీక్ష కూడా అక్కరలేదు.

అధ్యాపకుడు: ఉపవాసం ఉన్నవాడి చూపు తిండి వైపు వెళ్లి అక్కడే నిలుస్తుంది. ఈ రోగుల చూపు తిండిని అందరికన్నా ముందే పసిగట్టి, తరువాత దానినుంచి తప్పుకోవాలని చూస్తుంది. వెతకడమూ తప్పించుకోవడమూ రెండూ ఉన్న ధ్యాస అది, చీకట్లో పాముకు భయపడేవాడి ధ్యాస వంటిది. పైగా ధ్యాస ఒక్క ఆహారం మీదే కాదు; అద్దంలో పొట్ట, మణికట్టు చుట్టూ వేళ్లు పట్టి చూసుకోవడం, రోజుకు పదిసార్లు తూనిక యంత్రం ఎక్కడం, అన్నీ అదే చూపు చేసే పనులు. ఇక నెమరు ముందా జబ్బు ముందా అన్నదానికి మీరు కొట్టివేయలేని ఆధారం ఒకటి ఉంది. దిగులును పదేపదే తవ్వుకునే స్వభావం గురించి జీవితమంతా పరిశోధించిన సూసన్ నోలెన్-హోక్సెమా, మరి ముగ్గురు సహపరిశోధకులతో కలిసి 496 మంది కౌమార బాలికలను నాలుగేళ్లపాటు ఏటేటా పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించింది. నెమరు స్వభావం ఎక్కువగా ఉన్న బాలికలలో తరువాతి కాలంలో బులీమియా లక్షణాలు పెరిగాయి, అదుపు తప్పిన తిండి కొత్తగా మొదలైంది.

వైద్యురాలు: ఆ ఫలితాలలో రెండో సగం కూడా చెప్పాలి, మాస్టారూ. బులీమియా లక్షణాలున్న బాలికలలో తరువాతి కాలంలో నెమరు కూడా పెరిగింది.

అధ్యాపకుడు: పెరిగింది, అందులో సందేహం లేదు. అది రెండు దిశలా నడిచే దారి. కాని దారి రెండు దిశలా నడుస్తుందని ఒప్పుకున్న క్షణాన, ఆకలే ఏకైక కారణమన్న మాట నిలవదు. 1975లో హెర్మన్, మాక్ చేసిన మిల్క్‌షేక్ ప్రయోగం గుర్తు తెచ్చుకోండి: ముందుగా మిల్క్‌షేక్ తాగించి తరువాత ఐస్‌క్రీమ్ ఎదురుగా పెడితే, మామూలుగా తినే అలవాటున్నవారు కడుపులో ఉన్నదానికి తగ్గట్టు తక్కువ తిన్నారు, తిండిని నియమాలతో కట్టడి చేసుకునేవారు మాత్రం ఏమీ తాగనప్పటికన్నా ఎక్కువ తిన్నారు. నియమం ఎలాగూ భంగమైంది, ఇక ఈ రోజుకు అడ్డేముంది అన్న ఆలోచన వారి చేత తినిపించింది.

వైద్యురాలు: కట్టడి చేసుకునేవారంటే నెలల తరబడి అరకడుపుతో ఉన్నవారేగా. ఆకలి అక్కడ కూడా ఉంది; నియమానికి గండిపడగానే అది బయటికి వచ్చింది.

అధ్యాపకుడు: ఆ తరువాత ఒకే పుడ్డింగును కొందరికి బాగా బలమైనదనీ, కొందరికి తేలికైనదనీ చెప్పి పెట్టి చూశారు. కట్టడి చేసుకునేవారు కడుపులో నిజంగా పడినదానిని కాక, ఏమి తిన్నామని నమ్మారో దానిని అనుసరించారు. దేహానికి అబద్ధం చెప్పడం కష్టం, నమ్మకానికి తేలిక. అదుపు తప్పిన తిండికి ఇంకొక వివరణ కూడా ఉంది. హెదర్‌టన్, బౌమైస్టర్ 1991లో ప్రతిపాదించినది. తన లోపాలను తానే విచారించుకుంటూ అలసిపోయిన మనసు, ఆ విచారణ నుంచి పారిపోవడానికి ధ్యాసను కుదించి నోట్లోని రుచి మీద, నమిలే చప్పుడు మీద మాత్రమే నిలుపుతుందట. తింటున్నంతసేపు తాననే స్పృహ మసకబారుతుంది. ఆగగానే విచారణ రెట్టింపై తిరిగి వస్తుంది. అప్పుడు తిండి నెమరుకు కారణం కాదు, నెమరు నుంచి దొరికే పది నిమిషాల సెలవు.

ఇక్కడ వైద్యురాలు చాలాసేపు మౌనంగా ఉండిపోయింది. బులీమియా రోగులను చూసినవారికి ఈ వర్ణన పరాయిది కాదు. తిన్న తరువాత సిగ్గుతో తలుపు వేసుకునే మనిషిని చూసి తిండిపోతు అని నవ్వే సమాజానికి ఈ సంగతి తెలియవలసి ఉన్నది. ఆ మౌనం తరువాత చర్చ ప్రయోగశాల నుంచి ఇంటికి మళ్లింది.

వైద్యురాలు: నెమరు అంత శక్తిమంతమైనదే అయితే, దానిని ఆపమని చెప్పే ప్రతి ఇల్లూ దానిని పెంచుతున్నదని కూడా ఒప్పుకోవాలి. తెలుగు ఇళ్లలో పలకరింపే తిండితో మొదలవుతుంది: తిన్నావా, ఏం కూర, అంతేనా పెట్టుకున్నావు. పెళ్లి పందిట్లో ఎదురైన పిన్ని చిక్కిపోయావేమిటే అంటుంది, మరో ఏడాదికి ఒళ్లు చేశావే అంటుంది. రెండూ ప్రేమతోనే అంటుంది. జబ్బు బయటపడ్డాక అదే ఇల్లు, తిండి గురించి ఆలోచించడం మానెయ్యమ్మా, చదువు మీద ధ్యాస పెట్టు అంటుంది.

అధ్యాపకుడు: మందు తాగేటప్పుడు కోతిని తలచుకోవద్దని వైద్యుడు చెప్పిన పాత కథ ఉన్నదే, దానిని 1987లో డేనియల్ వెగ్నర్ ప్రయోగంగా చేసి చూపించాడు, అతనిది తెల్ల ఎలుగుబంటి. తలచుకోవద్దని చెప్పినవారికి అది మనసులోకి వస్తూనే ఉన్నది, ఆ నిషేధం ఎత్తివేసిన తరువాత, మొదటినుంచీ స్వేచ్ఛగా తలచుకున్నవారి కన్నా ఎక్కువగా వచ్చింది. ఏదైనా తలపును రాకుండా చూడాలంటే అది వచ్చిందో లేదో మనసు కాపలా కాయాలి. ఆ కాపలాయే దానిని పిలిచే పిలుపవుతుంది. మీరన్నట్టు, ఆలోచించవద్దన్న సలహా మంచి మనసుతో చేసే హాని.

వైద్యురాలు: ఇంకొక సంగతి. మీరు చెప్పే విచారణంతా లావైపోతామన్న భయంతో నిండినది. హాంకాంగ్‌లో సింగ్ లీ అనే మనోవైద్యుడు, ఆ భయం ఏమాత్రం లేని అనొరెక్సియా రోగులను 1990ల నుంచి వర్ణించాడు. కడుపు ఉబ్బరమనీ, తినబుద్ధి కాదనీ చెప్పినవారు వారు. భారతదేశంలోని మనోవైద్యులు కూడా అటువంటి రోగులను నమోదు చేశారు. మన ప్రాంతంలో ఇటువంటి అమ్మాయి మొదట వెళ్లేది మనోవైద్యుడి దగ్గరికి కాదు, పొట్ట డాక్టరు దగ్గరికి. ఎండోస్కోపీ అవుతుంది, గ్యాస్ మాత్రలు అవుతాయి, ఈలోగా నెలలు గడిచిపోతాయి. లావు భయమే లేని చోట కూడా జబ్బు ఉన్నదంటే, అన్నిచోట్లా ఉన్నది పస్తు ఒక్కటే కదా?

అధ్యాపకుడు: భయం వేషం మార్చింది, నెమరు మారలేదు. ఆ అమ్మాయి మాట కాస్త ఓపిగ్గా వింటే, తిన్న ప్రతి ముద్దా కడుపులో ఎక్కడ ఉన్నదో, ఎంతసేపు ఉన్నదో, రాత్రికి దిగుతుందో లేదో అని గడియారం పెట్టి చూస్తున్న ధ్యాస కనిపిస్తుంది. ఇక్కడ అది ఒంటి లావును కాక కడుపు బరువును పట్టుకున్నది. ఇప్పుడు మీ వార్డు సంగతే అడగాలి, డాక్టరు గారూ. తిండి పెట్టి బరువు తెప్పించి పంపినవారందరూ కోలుకున్నట్టేనా?

వైద్యురాలు: కాదు. బరువు వచ్చి, రక్తపరీక్షలు సరిపడి, ఇంటికి వెళ్లినవారిలో ఎందరో ఏడాది తిరగకుండానే మళ్లీ వస్తారు. వారి మనసు వారి బరువుకన్నా చాలా ఆలస్యంగా కోలుకుంటుంది. మిన్నెసోటా మనుషులకు కూడా తిండి పెంచిన తరువాత నెలల తరబడి ఆ ధ్యాస వదలలేదన్న మాట నిజమే, కాని వారికి చివరికి వదిలింది. వీరిలో కొందరికి వదలదు.

అధ్యాపకుడు: కొలంబియా విశ్వవిద్యాలయంలో తిమోతీ వాల్ష్ బృందం ఇచ్చిన వివరణ దీనికి దగ్గరగా ఉంది. మొదట ఏదో ఫలితం కోసం, మెప్పు కోసమో మనశ్శాంతి కోసమో, ఎంచుకున్న చర్య వందల సార్లు జరిగిన తరువాత ఫలితంతో పనిలేని అలవాటుగా స్థిరపడుతుందని వారి వాదం. 2015లో ప్రకటించిన అధ్యయనంలో, ఏ ఆహారం తినాలో ఎంచుకుంటున్న సమయంలో మెదడును చిత్రించి చూస్తే, అలవాట్లతో సంబంధం ఉన్న డోర్సల్ స్ట్రయేటమ్ అనే భాగం అనొరెక్సియా ఉన్న స్త్రీలలో ఇతరులకన్నా ఎక్కువగా పాల్గొన్నది. చర్య అలవాటైనట్టే ఆలోచన కూడా అలవాటవుతుంది. కాబట్టి నెమరును పుట్టించినది ఆకలే అయినా, పెరిగి పెద్దదైన తరువాత అది తల్లి చాటు బిడ్డ కాదు.

వైద్యురాలు: దీనిని ఒప్పుకోవచ్చు, కాని ఒక షరతు మీద. పుట్టించినదానిని ముందు ఆపాలి. పస్తున్న మెదడుతో వాదించడం వృథా. బక్కచిక్కిన మనిషి దగ్గర కూర్చుని ఆమె ఆలోచనలలోని తప్పులు విప్పి చెప్పే చికిత్సకుడు ఆమె ఆకలితో వాదిస్తున్నాడు. తిండి కూడా ఆసుపత్రి పర్యవేక్షణలో మెల్లగా పెంచాలి. చాలాకాలం పస్తున్నవారికి ఒక్కసారిగా పెడితే రక్తంలో ఫాస్ఫేటు పడిపోయి గుండెకే ప్రమాదం. ఆ దశలో మీ శాస్త్రం రోగి చేతికి ఒక పుస్తకం ఇచ్చి, ఏమి తిన్నావో, ఎప్పుడు తిన్నావో, అప్పుడు ఏమనిపించిందో రాయమంటుంది. తిండి మీద ధ్యాసే జబ్బైన మనిషికి తిండి లెక్క రాసే పని అప్పగించడం మండే పొయ్యిలో మరో కట్టె పెట్టడం కాదా?

అధ్యాపకుడు: ఆక్స్‌ఫర్డ్‌లో క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ రూపొందించిన చికిత్సలో ఆ పుస్తకం ఉన్నది నిజమే, కాని అందులో కేలరీలకు చోటు లేదు. కేలరీల లెక్క నెమరుకు మేత. ఏడున్నరకు రెండు ఇడ్లీలు, చెల్లెలితో కలిసి, మధ్యలో భయం వేసింది అన్నది జరిగినదానిని జరిగినట్టు చూడటం. ఎక్సెటర్‌లో ఎడ్వర్డ్ వాట్కిన్స్ చూపిన భేదం ఇదే: ఎందుకిలా అయ్యాను అన్న అమూర్తమైన ప్రశ్న సుడిలా తిప్పుతుంది, ఎలా జరిగింది, తరువాత ఏం చేయాలి అన్న నిర్దిష్టమైన ప్రశ్న ఒడ్డుకు చేరుస్తుంది. రెండూ ధ్యాసే, రెండూ పదేపదే చేసేవే. అదే చికిత్సలో తూనిక వారానికి ఒక్కసారే, చికిత్సకుడి సమక్షంలోనే. తిండి మూడు నాలుగు గంటలకు మించిన ఎడం లేకుండా, ఆకలి వేసినా వేయకపోయినా. వేళ నిర్ణయమైపోతే, తినాలా వద్దా అన్న విచారణకు పనే తగ్గుతుంది.

ఈ భేదం మొత్తం చర్చలో అత్యంత విలువైనది. ధ్యాసను మంచిదనో చెడ్డదనో గుండుగుత్తగా తేల్చేవారు, ఒకరు ప్రతి ముద్దనూ గమనిస్తూ తినమనీ, మరొకరు తిండిని మరచిపోమనీ, రోగిని రెండు వైపులా లాగుతారు. నిజానికి కావలసినది ధ్యాస పరిమాణాన్ని మార్చడం కన్నా అది అడిగే ప్రశ్నను మార్చడం. అయితే ఆ ప్రశ్న మారడానికి తగినంత తిండి అందిన మెదడు కావాలన్న వైద్యురాలి షరతును ఏ చింతావాదీ పక్కనబెట్టడానికి వీలులేదు.

వైద్యురాలు: అలాగైతే, పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల విషయంలో మొదటి నెలల్లో ఆ పుస్తకం వద్దు. లండన్‌లోని మాడ్స్‌లీ ఆసుపత్రిలో మొదలైన కుటుంబ చికిత్సలో ఏమి పెట్టాలో, ఎంత పెట్టాలో నిర్ణయించే బాధ్యతను తల్లిదండ్రులే తీసుకుంటారు. పిల్లకు ఆ బేరసారాల నుంచి విడుదల దొరుకుతుంది. కంచం తల్లి చేతిలో ఉండనివ్వండి. బరువు నిలబడి, పెట్టినది తినడం మామూలైన తరువాత పుస్తకం ఇవ్వండి.

అధ్యాపకుడు: సమ్మతమే. బులీమియాతో వచ్చే పెద్దవారికి మాత్రం మొదటి వారం నుంచే ఇవ్వవలసి ఉంటుంది, వారికి కంచం పట్టే తల్లి పక్కన ఉండకపోవచ్చు.

వైద్యురాలు: ఇచ్చిన పుస్తకాన్ని తిరిగి ఎప్పుడు తీసుకుంటారు, మాస్టారూ? అదే మరో అలవాటైపోతే?

అధ్యాపకుడు: చికిత్స చివరి వారాల్లో దానిని ఎలాగూ మాన్పిస్తారు. కాని కొందరు అంతకు ముందే, ఒక పూట పేజీ ఖాళీగా తెచ్చి, ఇంటికి చుట్టాలు వచ్చారనీ మాటల్లో పడి రాయడం మరచిపోయామనీ నొచ్చుకుంటూ చెబుతారు.

వైద్యురాలు: ఆ పూట ఏమి తిన్నారని అడుగుతారా?

అధ్యాపకుడు: వచ్చిన చుట్టాలెవరని అడుగుతారు.